కడపలో మే నెల, 4090 హాట్‌స్పాట్ 107 డిగ్రీలు: పేస్ట్ మార్చాలా, లిక్విడ్ కూలింగ్ పెట్టించాలా?

తమ్ముడు అడిగింది ముందు క్లుప్తంగా చెప్పేస్తా, లేకపోతే కింద నేను చేసే లెక్కలు ఎవరికీ అర్థం కావు. ఉండేది కడప. 2023లో కొన్న ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 4090, మూడు ఫ్యాన్ల పెద్ద గ్రాఫిక్స్ కార్డు. డిసెంబర్‌లో గది 24 డిగ్రీలున్నప్పుడు గేమ్ ఆడితే కోర్ (అంటే చిప్ మొత్తం మీద) 64, హాట్‌స్పాట్ (చిప్ మీద అన్నిటికంటే వేడిగా ఉన్న చోటు) 79, మెమరీ 78 చూపించేది, ఫ్యాన్లు 55 శాతం దగ్గర తిరిగేవి. ఫిబ్రవరిలో కేబినెట్‌ను టేబుల్ మీద నుంచి తీసి గోడలో ఉన్న కడప బండల అరలో పెట్టుకున్నాడు. ఇప్పుడు గది 38, అదే గేమ్, అవే సెట్టింగ్స్, కోర్ 83, హాట్‌స్పాట్ 107, మెమరీ 97, ఫ్యాన్లు 90 శాతం మీద పిండిమర లాగా అరుస్తున్నాయి. రాత్రి పదకొండు దాటి గది కాస్త చల్లబడినా నెంబర్లు దిగడం లేదట. ఒక ఫ్రెండ్ చిప్‌కీ కూలర్‌కీ మధ్య పూసే పేస్ట్ మార్చమన్నాడు, ఇంకొకడు లిక్విడ్ కూలింగ్ పెట్టించమన్నాడు, అమ్మిన షాపువాళ్ళు మాత్రం కడప ఎండకి అంతేలే అన్నారు.

ముగ్గురిలో ఎవరూ అబద్ధం చెప్పలేదు, కానీ ముగ్గురూ ఒక్క నెంబరు చూసి మాట్లాడారు. నేను కర్నూలులో పద్నాలుగేళ్ళుగా రిపేర్లు చేస్తున్నా, అందులో ఏడెనిమిదేళ్ళుగా గ్రాఫిక్స్ కార్డులే ఎక్కువ. మార్చి నుంచి జూన్ దాకా నా టేబుల్ మీదికొచ్చే కార్డుల్లో సగం "వేడెక్కుతోందన్నా" అనే కేసులే, వాటిలో నిజంగా కార్డు పాడైనవి చాలా తక్కువ. నీ కార్డు కూడా బాగానే ఉంది, ఒక్క చోట తప్ప. ఆ చోటేదో నువ్వు రాసిన నెంబర్లలోనే ఉంది, తీసివేత చేస్తే బయటపడుతుంది.

డిసెంబర్‌లో కోర్ 64లోంచి గది 24 తీసెయ్, 40. ఇప్పుడు 83లోంచి 38 తీసెయ్, 45. అంటే నువ్వు భయపడుతున్న 19 డిగ్రీల పెరుగుదలలో 14 డిగ్రీలు అచ్చంగా కడప ఎండ. దానికి ఏ పేస్టూ పనిచేయదు. కూలర్ అనేది ఫ్రిజ్ కాదు, గాలికంటే చల్లగా ఏదీ చేయలేదు, చిప్ మీది వేడిని తెచ్చి గాలికి అప్పజెప్పడమే దాని పని. గాలే 14 డిగ్రీలు వేడిగా వస్తే పైన ప్రతి నెంబరూ 14 పెరుగుతుంది. ఇంతవరకు షాపువాళ్ళు చెప్పింది కరెక్టే.

మిగిలిన 5 డిగ్రీలు చిన్నవిగా కనిపిస్తాయి కానీ వాటినే నేను ఎక్కువ పట్టించుకుంటా. ఎందుకంటే డిసెంబర్‌లో 40 వచ్చింది ఫ్యాన్లు 55 శాతంలో ఉన్నప్పుడు, ఇప్పుడు 45 వస్తోంది 90 శాతంలో. అంత గాలి కొడుతున్నప్పుడు 40 కంటే తగ్గాలి గానీ పెరగకూడదు. అంటే గాలి కొడుతోంది కానీ అది మంచి గాలి కాదు. అది ఆ బండల అర సంగతి, తర్వాత చెప్తా. ఇక మూడో లెక్క హాట్‌స్పాట్‌కి, కోర్‌కి మధ్య తేడా. డిసెంబర్‌లో 15, ఇప్పుడు 24. గది వేడి ఈ తేడాని పెద్దగా మార్చలేదు, ఎండ కోర్‌నీ హాట్‌స్పాట్‌నీ కలిపే పైకి లేపుతుంది. తేడా పెరిగిందంటే చిప్‌కి, దాని మీది రాగి పలకకి మధ్య సంబంధం చెడిందని అర్థం. నీ కార్డులో చెడిన చోటు అదొక్కటే.

ఇప్పుడు అసలు ఆ కార్డు లోపల ఏం జరుగుతుందో చెప్తా, ఇది తెలియకుండా స్క్రూడ్రైవర్ పట్టుకునేవాళ్ళే నాకు ఎక్కువ పని తెస్తారు.

4090 చిప్ వైశాల్యం 608 చదరపు మిల్లీమీటర్లు. 5 రూపాయల బిళ్ళ మీద పెడితే నాలుగు మూలలు మాత్రం కాస్త బయటికి కనిపిస్తాయి, అంతే ఉంటుంది. అందులో 7,600 కోట్ల పైన ట్రాన్సిస్టర్లు. కార్డు మొత్తానికి 450 వాట్ల లిమిట్, అందులో మెమరీ, వోల్టేజ్ సర్క్యూట్లు, ఫ్యాన్ల వాటా తీసేస్తే ఆ బిళ్ళంత జాగాలో 300 వాట్ల పైనే వేడి పుడుతుంది. అంటే చదరపు సెంటీమీటర్‌కి 50 వాట్ల పైమాటే. మన ఇంట్లో ఇస్త్రీ పెట్టె 1000 వాట్లు అనుకో, దాని అడుగు 200 చదరపు సెంటీమీటర్లు ఉంటుంది, చదరపు సెంటీమీటర్‌కి 5 వాట్లు. ఇస్త్రీ పెట్టె కంటే పది రెట్లు చిక్కటి వేడి, దాన్ని 90 డిగ్రీలు దాటనివ్వకుండా పట్టుకోవాలి. అది కూడా చప్పుడు చేయకుండా పట్టుకోవాలని మనమే అడుగుతాం.

అందుకే ఆ కార్డు రెండు కిలోల బరువు. చిప్, బోర్డు, మెమరీ కలిపినా పావుకిలో ఉంటే గొప్ప, మిగతాదంతా కూలరే. చాలామంది మూడు ఫ్యాన్లు చూసి ఫ్యాన్లే కూలర్ అనుకుంటారు. ఫ్యాన్లది చివరి పని. వేడి ప్రయాణం చిప్ నుంచి పేస్ట్‌లోకి, పేస్ట్ నుంచి రాగి పలకలోకి, అక్కడి నుంచి హీట్‌పైపుల్లోకి, అక్కడి నుంచి సన్నటి అల్యూమినియం రేకుల్లోకి, అప్పుడు ఫ్యాన్ గాలికి, ఆ తర్వాత కేబినెట్‌లోంచి గదిలోకి. మన కేసీ కెనాల్ లాంటిదే. సుంకేసుల దగ్గర ఎంత నీళ్ళు వదిలినా మధ్యలో ఒక్క చోట పూడిక ఉంటే కడప చివరి పొలానికి చేరవు. పూడిక ఎక్కడుందో చూడకుండా సుంకేసుల దగ్గర గేట్లు పెంచుకుంటూ పోతే లాభమేంటి? ఫ్యాన్ స్పీడ్ పెంచడం సరిగ్గా అలాంటి పనే.

హీట్‌పైప్ గురించి ఒక్క మాట. పోయిన ఏడాది ఒకాయన కార్డు తెచ్చి "ఇందులో గ్యాస్ అయిపోయినట్టుంది, నింపుతారా?" అని అడిగాడు, ఏసీకి అడిగినట్టు. నవ్వకుండా చెప్పడానికి కష్టమైంది గానీ ఆయన ఆలోచన పూర్తిగా తప్పేం కాదు. హీట్‌పైప్ అంటే రెండు చివర్లూ మూసేసిన రాగి గొట్టం, లోపల గాలి తీసేసి కొద్దిగా, చాలా కొద్దిగా, నీళ్ళు పోసి ఉంటాయి. గాలి లేదు కాబట్టి ఆ నీళ్ళు 100 డిగ్రీల దాకా ఆగవు, అంతకు చాలా ముందే ఆవిరైపోతాయి. ఆవిరి చల్లటి చివరకి పరిగెత్తి, అక్కడ వేడి వదిలేసి మళ్ళీ నీళ్ళయి, గొట్టం లోపలి గోడకి ఉన్న రాగి పొడి పూత ద్వారా వత్తి నూనె పీల్చినట్టు వెనక్కి వస్తుంది. మన కుండలో నీళ్ళు చల్లబడేదీ, ఎండాకాలం కూలర్ గది చల్లబరిచేదీ ఈ సూత్రమే, ఆవిరయ్యేటప్పుడు నీళ్ళు వేడిని లాక్కుపోతాయి. నీ 4090 450 వాట్లతో గంటసేపు నడిస్తే ముప్పావు లీటర్ దాకా నీళ్ళని ఆవిరి చేసేంత వేడి పుడుతుంది, దాన్ని గొట్టంలో ఉన్న ఆ చెంచాడు నీళ్ళే తిరిగి తిరిగి మోస్తాయి. వేపర్ చాంబర్ అంటే అదే గొట్టాన్ని పలకలా వెడల్పు చేసినట్టు, చిప్ మీద నేరుగా కూర్చుంటుంది.

ఆ నీళ్ళు తక్కువైతే ఏమవుతుందో 2022 డిసెంబర్‌లో వచ్చిన ఏఎండీ కంపెనీ ఆర్‌ఎక్స్ 7900 ఎక్స్‌టీఎక్స్ రిఫరెన్స్ కార్డుల్లో, అంటే కంపెనీ సొంత డిజైన్ కార్డుల్లో, చూశాం. కొన్నింటికి హాట్‌స్పాట్ 110కి తగిలి ఆగిపోయేది, కార్డును నిలబెడితే ఒక నెంబరు, పడుకోబెడితే ఇంకో నెంబరు. కొన్ని వేపర్ చాంబర్లలో నీళ్ళు సరిపడా లేవని తర్వాత కంపెనీయే ఒప్పుకుని కార్డులు మార్చి ఇచ్చింది. నీకూ అదే జబ్బా అని అనుమానం వస్తే పరీక్ష సులువు, కేబినెట్‌ని పక్కకి పడుకోబెట్టి పది నిమిషాలు అదే గేమ్ ఆడించు. రెండు మూడు డిగ్రీలు మారితే మామూలే, పదీ పదిహేనూ మారితే అప్పుడు ఆలోచిద్దాం. రెండేళ్ళకు పైగా బాగా నడిచిన కార్డు కాబట్టి నీ విషయంలో అది కాదనే నా నమ్మకం.

నీది పేస్ట్ సంగతి. ప్రాసెసర్‌కి పైన లోహపు మూత ఉంటుంది, గ్రాఫిక్స్ చిప్‌కి మూత ఉండదు, అద్దంలాంటి సిలికాన్ మీద నేరుగా పేస్ట్, దాని మీద రాగి. గేమ్ మొదలెట్టిన ప్రతిసారీ వేడికి రెండూ వేరువేరుగా వ్యాకోచిస్తాయి, ఆపినప్పుడు మళ్ళీ సర్దుకుంటాయి. ఈ సందడిలో మధ్యలో ఉన్న పేస్ట్ కొంచెం కొంచెంగా అంచులకి నెట్టుకుపోతుంది. కోర్ అని చూపించే నెంబరు చిప్ మొత్తం పరిస్థితికి గుర్తు, హాట్‌స్పాట్ అంటే చిప్ మీది సెన్సార్లన్నింటిలో ఎక్కువ చూపించేది. పేస్ట్ ఒక మూల పల్చబడితే కోర్ పెద్దగా కదలదు, హాట్‌స్పాట్ ఎగిరిపోతుంది. 4090లో ఆ తేడా 10 నుంచి 15 ఉంటే నేను కార్డు ముట్టుకోను. 20 దాటితే గమనిస్తా. 25 దాటితే విప్పుతా. నువ్వు 24లో ఉన్నావు, రోహిణి కార్తె ఇంకా రానేలేదు. దీని తర్వాతి తరం 5090 కొన్నవాళ్ళు హాట్‌స్పాట్ కోసం వెతక్కండి, ఆ సిరీస్ నుంచి ఎన్విడియా ఆ రీడింగ్‌ని బయటి సాఫ్ట్‌వేర్లకి ఇవ్వడం లేదు. నాలాంటివాళ్ళకి అది పెద్ద నష్టం, డాక్టర్ దగ్గర థర్మామీటర్ లాక్కున్నట్టుంది.

విప్పే ముందు ఒక కథ విను. అనంతపురం నుంచి ఒక అబ్బాయి నీ కార్డుకి ముందు తరం 3090 తెచ్చాడు, సెకండ్‌హ్యాండ్, అంతకుముందు క్రిప్టో మైనింగ్‌లో రాత్రీపగలూ నడిచింది. 3090లో మెమరీ చిప్‌లు 24, అందులో 12 బోర్డు వెనక వైపు ఉంటాయి, అక్కడ ఫ్యాన్ గాలి తగలదు, వెనక ప్లేటే దిక్కు. ఆ మెమరీ 110 డిగ్రీలకి తగిలి స్లో అయిపోతోందని ఈ అబ్బాయి వీడియో చూసి మెమరీకీ కూలర్‌కీ మధ్య ఉండే మెత్తటి థర్మల్ ప్యాడ్లు ఇంట్లోనే మార్చాడు. మెమరీ 90కి దిగింది, సంబరపడ్డాడు. కానీ కోర్ 80, హాట్‌స్పాట్ 112, గేమ్ మొదలైన ఐదు నిమిషాలకి స్క్రీన్ నల్లబడుతోంది. నేను విప్పి చూస్తే చిప్ మీద పేస్ట్ ఒక అంచున సన్నగా బూడిద పూసినట్టుంది, ఎదుటి అంచున మాత్రం వేలితో తీస్తే వెన్నముద్దలా లేచింది. అంటే రాగి పలక ఒక పక్కకి ఎత్తి పట్టినట్టు కూర్చుంది. కారణం ప్యాడ్లు. ఒకటిన్నర మిల్లీమీటర్ ఉండాల్సిన చోట రెండు మిల్లీమీటర్లవి, అవీ గట్టి రకం, పెట్టాడు. అర మిల్లీమీటర్, అంతే. మనకి కంటికి ఆనని తేడా, కానీ అక్కడ పేస్ట్ మందం వెంట్రుక మందంలో ఉండాలి. సరైన మందం ప్యాడ్లు వేసి మళ్ళీ బిగిస్తే హాట్‌స్పాట్ తేడా 32 నుంచి 13కి వచ్చింది. అందుకే చెప్తున్నా, నీ మెమరీ 97 చూసి ప్యాడ్ల జోలికి వెళ్ళకు. 97లోంచి 38 తీసేస్తే 59, డిసెంబర్‌లో 54, మెమరీ తన మానాన తాను బాగానే ఉంది. 4090లో 12 చిప్‌లూ ముందువైపే ఉన్నాయి, 3090 బాధ దీనికి లేదు.

ఎలాగూ విప్పాల్సి వస్తే మామూలు పేస్ట్ వద్దు, పీటీఎం 7950 అనే షీట్ దొరుకుతుంది, అది వేయించు. గది వేడిలో గట్టిగా ఉండి, 45 డిగ్రీల ప్రాంతంలో మెత్తబడి చిప్ మీద సర్దుకుంటుంది, అంచులకి నెట్టుకుపోయే జబ్బు దానికి చాలా తక్కువ. కత్తిరించే ముందు పది నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టాలి, మన ఎండకి చేతిలోనే జిగురైపోయి కాగితం నుంచి ఊడిరాదు. డూప్లికేట్లు ఎక్కువ, చౌకగా వస్తే అనుమానించు. చిప్ చుట్టూ ఉన్న నాలుగు స్ప్రింగ్ స్క్రూలు ఒక్కొక్కటి పూర్తిగా బిగించకూడదు, కారు టైరు నట్లు బిగించినట్టు ఎదురెదురుగా కొంచెం కొంచెం తిప్పుకుంటూ పోవాలి. పేస్ట్ బదులు వాడే లిక్విడ్ మెటల్, అంటే గాలియం కలిసిన ద్రవ లోహం, మాత్రం ఎవరు చెప్పినా వద్దు. 5090 ఫౌండర్స్ ఎడిషన్‌లో (ఎన్విడియా సొంత డిజైన్ కార్డు) ఫ్యాక్టరీయే వాడింది నిజమే, అక్కడ అది బయటికి కారకుండా చుట్టూ కట్టడి ఉంది. మన చేతిలో ఒక్క చుక్క పక్కకి జారితే షార్ట్, అల్యూమినియానికి తగిలితే గాలియం దాన్ని తినేస్తుంది. వారంటీ ఇంకా మిగిలుంటే ఇవేవీ చేయకుండా ముందు కంపెనీకే పంపు, స్క్రూ మీది స్టిక్కర్ చిరిగితే వాళ్ళు పేచీ పెట్టే అవకాశం ఉంది.

పంపేటప్పుడు కార్డుని కేబినెట్‌లో ఉంచి మాత్రం పంపకు. పోయిన నెలే ఒక కేబినెట్ బస్సు పార్సిల్‌లో వచ్చింది, లోపల ఇలాంటి రెండు కిలోల కార్డు స్లాట్‌లోనే ఉంది. తీసి లైట్ కింద పెట్టి చూస్తే స్లాట్ లాక్ పట్టుకునే కొక్కెం దగ్గర బోర్డులో వెంట్రుకంత చీలిక. లోపలి పొరల్లో దారాల్లాంటి లైన్లు తెగిపోయాయి, మెమరీ లైన్లు కూడా అక్కడి నుంచే వెళ్తాయి. ఆ కార్డు బాగు చేయలేకపోయా. రోడ్డు గతుకులకి ఆ బరువు ఊగి ఊగి చేసిన పని అది. ఇంట్లో ఉన్నప్పుడు కూడా కింద ఒక సపోర్ట్ స్టాండ్ పెట్టు.

సరే, ఇప్పుడు బండల అర. నువ్వు పెట్టిన ఫోటోలో కేబినెట్ వెనక గోడకి నాలుగు వేళ్ళ సందు, పైన బండకి జానెడు కూడా లేదు, పక్కల అసలే లేదు. నీ కంప్యూటర్ మొత్తం కలిపి గేమ్ ఆడేటప్పుడు 600 నుంచి 700 వాట్లు వదులుతుంది. 700 వాట్ల వేడిని, లోపలి గాలి 10 డిగ్రీలకి మించి వేడెక్కకుండా బయటికి పంపాలంటే నిమిషానికి 130 ఘనపుటడుగుల గాలి కావాలి. 120 మిల్లీమీటర్ల కేబినెట్ ఫ్యాన్ ఒకటి డబ్బా మీద 60, 70 అని రాసుకుంటుంది కానీ దుమ్ము జాలీ వెనక పెట్టాక అందులో సగం ఇస్తే గొప్ప. అంటే తిన్నగా గాలి పీల్చే ఫ్యాన్లు నాలుగైనా ఉంటే తప్ప లెక్క సరిపోదు, అదీ బయట చల్లగాలి ఉంటే. నీ అరలో వెనక నుంచి పోయిన వేడిగాలి గోడకి కొట్టుకుని, పై బండ కింద నుంచి ముందుకొచ్చి, మళ్ళీ ముందు ఫ్యాన్లలోకే దూరుతోంది. ఊదిన ఊపిరినే మళ్ళీ పీలుస్తోందన్నమాట. నీ గది 38 కావచ్చు, నీ కార్డు పీల్చే గాలి 38 కాదు. వైరు చివర సెన్సార్ ఉండే చిన్న డిజిటల్ థర్మామీటర్ దొరుకుతుంది, ఆ వైరుని ముందు ఫ్యాన్ దగ్గర వేలాడదీసి చూడు. 43, 44 చూపిస్తే నేను ఆశ్చర్యపోను.

కడప బండ వేడి పట్టుకుంటుంది, రాత్రికి వదుల్తుంది, నిజమే, పడమటి గోడ అయితే ఇంకా ఎక్కువ. కానీ అసలు దొంగ బండ కాదు, అదే గాలి తిరగడం. చెక్క అరలో పెట్టినా ఇదే జరిగేది.

రాత్రి గది చల్లబడినా నెంబర్లు దిగలేదన్నావు. అప్పుడు ఫ్యాన్ శాతం ఎంతుందో చూశావా? చూసి ఉండవు, ఎవరూ చూడరు. ఎంత వేడికి ఫ్యాన్ ఎంత స్పీడో చెప్పే ఫ్యాన్ కర్వ్ టెంపరేచర్‌ని బట్టి నడుస్తుంది కాబట్టి గది చల్లబడగానే అది ఫ్యాన్లని నెమ్మది చేస్తుంది, నెమ్మది చేయగానే కార్డు మళ్ళీ వేడెక్కి ఇంచుమించు పాత నెంబరు దగ్గరే నిలబడుతుంది. నీకు లాభం చప్పుడులో వచ్చి ఉంటుంది, నెంబరులో కాదు. అందుకే రెండు రోజుల్ని పోల్చాలంటే ఫ్యాన్‌ని 70 శాతం దగ్గర కదలకుండా పెట్టి, ఇరవై నిమిషాలు ఆడి, గది టెంపరేచర్‌తో సహా రాసుకోవాలి. గది టెంపరేచర్ లేకుండా ఎవరైనా నాకు స్క్రీన్‌షాట్ పంపితే నేను చూడను, నిజం.

చల్లగాలి కోసం కూలర్ పెడతానంటావేమో. మన రాయలసీమ పొడి ఎండకి కూలర్ అంత బాగా పనిచేసే వస్తువు ఇంకోటి లేదు, 42 డిగ్రీల పొడిగాలిని 30 లోపుకి తెచ్చేస్తుంది, కార్డుకీ అంతే లాభం. కానీ కేబినెట్ ఎదురుగా పెట్టకు. మా కర్నూలులోనే ఒకతను సరిగ్గా అలాగే పెట్టాడు, నెల రోజులు బ్రహ్మాండంగా నడిచిందట. నా దగ్గరికి వచ్చినప్పుడు అల్యూమినియం రేకుల మధ్య తెల్లటి పొర, గోరుతో గీకితే సున్నంలా రాలింది. బోరు నీళ్ళు కదా, కూలర్ గడ్డి నుంచి లేచిన తుంపరలో ఉప్పంతా అక్కడ ఆరిపోయింది, దాని మీద దుమ్ము పట్టి, తడికి గట్టిపడి, గాలి దూరే సందే లేదు. బ్లోవర్‌తో పోలేదు, మొత్తం విప్పి రేకులు కడిగి ఎండబెట్టాల్సి వచ్చింది. కూలర్ గదికి ఇంకో మూలన, కిటికీ తెరిచి, తుంపర తగలనంత దూరంలో ఉంటే ఏ ఇబ్బందీ లేదు. ఏసీ అయితే గొడవే లేదు, ఒక టన్ను ఏసీ మూడున్నర కిలోవాట్ల వేడి లాగుతుంది, నీ కంప్యూటర్ అందులో అయిదో వంతు తినేస్తుంది.

దుమ్ము విషయం అందరికీ తెలిసిందే, నెలకోసారి బ్లోవర్ కొట్టు. ఫ్యాన్ రెక్కని వేలితో పట్టుకుని కొట్టు, గాలికి గిర్రున తిరగనిస్తే బేరింగ్ పోతుంది.

లిక్విడ్ కూలింగ్ గురించి నా మాట సూటిగా, వద్దు. నీళ్ళు వేడిని మాయం చేయవు, చిప్ దగ్గర నుంచి రేడియేటర్ దగ్గరికి మోస్తాయి, ఆ రేడియేటర్ మళ్ళీ అదే అరలో అదే గాలి పీలుస్తుంది. పైగా పంపు అని ఇంకో తిరిగే వస్తువు, ఇంకో పాడయ్యే వస్తువు. నువ్వు అడిగిన 107 తగ్గుతుంది, కాదనను, ఎందుకంటే పెట్టేటప్పుడు పాత పేస్ట్ తీసి కొత్తది వేస్తారు కాబట్టి! సగం మెరుగు అక్కడి నుంచే వస్తుంది, డబ్బులు మాత్రం చిప్ మీద కూర్చునే వాటర్ బ్లాక్‌కి.

డిజైన్ పరంగా కంపెనీలు ఈమధ్య చేసిన మంచి పని వేరే ఉంది. 2020లో 3080, 3090 ఫౌండర్స్ ఎడిషన్లతో బోర్డుని పొట్టిగా చేసి, చివర ఒక ఫ్యాన్ గాలి రేకుల్లోంచి అటువైపుకి దూసుకుపోయేలా వదిలేశారు. అంతకుముందు ఫ్యాన్ గాలి బోర్డుకి కొట్టుకుని పక్కలకి చెదిరిపోయేది. నీ కార్డు చివర వెనక ప్లేట్‌లో పెద్ద కిటికీ కనిపిస్తోందే, అది దాని కోసమే, అక్కడ ఏమీ అడ్డం పెట్టకు. 5090 ఫౌండర్స్‌లో ఇంకా ముందుకెళ్ళి బోర్డుని మధ్యలో చిన్న ముక్క చేసి రెండు పక్కలా గాలి దూసుకుపోయేలా చేశారు, 575 వాట్లని రెండు స్లాట్ల మందంలో ఇమిడ్చారు. చూడముచ్చటైన ఇంజనీరింగ్, కానీ ఆ వేడిగాలంతా పైకి ప్రాసెసర్ మొహాన కొడుతుంది. అలాంటి కార్డు పెట్టినవాళ్ళు కేబినెట్ పైన గాలి బయటికి లాగే ఫ్యాన్లు పెట్టుకోక తప్పదు.

కార్డు విప్పకుండా, రూపాయి ఖర్చు లేకుండా పెద్ద లాభం ఇచ్చేది అండర్‌వోల్టింగ్, అంటే చిప్‌కి వెళ్ళే వోల్టేజ్ తగ్గించడం. చిప్ తాగే కరెంటు వోల్టేజ్ వర్గంతో పెరుగుతుంది. 4090 మామూలుగా 1.05 వోల్టుల దగ్గర 2,700 మెగాహెర్ట్జ్ పైన నడుస్తుంది. దాన్ని 0.95 వోల్టుల దగ్గర 2,600కి కట్టేస్తే లెక్క ప్రకారం కోర్ వాడకం 20 శాతం పైగా తగ్గాలి, మెమరీ వాటా మారదు కాబట్టి కార్డు మొత్తం మీద 420 వాట్లు తాగేది 340, 350 దగ్గర ఆగుతుంది. గాలికీ చిప్‌కీ మధ్య తేడా వాట్లని బట్టే ఉంటుంది కాబట్టి నీ 45 కాస్తా 37 అవుతుంది. గేమ్‌లో పోయేది నాలుగైదు ఫ్రేములు, కౌంటర్ ఆపేస్తే నువ్వు కూడా కనిపెట్టలేవు. కార్డు సెట్టింగ్స్ మార్చే ఆఫ్టర్‌బర్నర్ సాఫ్ట్‌వేర్‌లో కంట్రోల్, ఎఫ్ కలిపి నొక్కితే ఏ వోల్టేజ్‌కి ఎంత స్పీడో చూపే కర్వ్ తెరుచుకుంటుంది, మొత్తం గీతని కిందికి దింపి, 950 మిల్లీవోల్టుల దగ్గరి చుక్కని మాత్రం 2,600కి ఎత్తి టిక్ కొడితే ఆ తర్వాతిదంతా తిన్నగా సాగుతుంది. గేమ్ క్రాష్ అయితే 2,550కి దింపు, ప్రతి చిప్ ఒకేలా ఉండదు. ఇది కూడా కష్టమనుకుంటే పవర్ లిమిట్ 75 శాతం పెట్టి వదిలెయ్. నీ మానిటర్ 144 హెర్ట్జ్ అయితే ఫ్రేములని 140 దగ్గర కట్టెయ్, కంటికి కనిపించని ఫ్రేముల కోసం గదిని వేడి చేసుకోవడమెందుకు.

ఇంకొకటి, పవర్ కేబుల్. 450 వాట్లంటే 12 వోల్టుల మీద 37 ఆంపియర్ల పైన, అదంతా ఆరు సన్నటి పిన్నుల మీద పంచుకుంటుంది. కనెక్టర్ పూర్తిగా దిగకపోతే రెండు మూడు పిన్నుల మీదే భారం పడి కరిగిపోతుంది. 2022లో అలా కరిగిన కేసుల మీద ఎన్విడియా విచారించి, కనెక్టర్ పూర్తిగా దిగకపోవడమే ప్రధాన కారణంగా కనిపిస్తోందంది. నీ ఫోటోలో కేబుల్ సైడ్ గ్లాస్‌కి ఆనుకుని కనెక్టర్ దగ్గరే మడత పడింది, అది నాకు 107 కంటే ఎక్కువ టెన్షన్ పెట్టింది. కరెంటు ఆపి, ఊడదీసి, పిన్నుల చుట్టూ ప్లాస్టిక్ రంగు మారిందేమో టార్చ్ వేసి చూసి, మళ్ళీ సందు లేకుండా దిగేదాకా నొక్కు. మొదటి మూడు నాలుగు సెంటీమీటర్లు వంపు లేకుండా పోవాలి.

కాబట్టి ఈ రాత్రికి చేయాల్సింది ఇది. కేబుల్ చూసుకో. కేబినెట్‌ని అరలోంచి తీసి, గోడకి కనీసం జానెడున్నర దూరంలో టేబుల్ మీద పెట్టు, ఫ్యాన్ 70 శాతం కట్టెయ్, అదే గేమ్ ఇరవై నిమిషాలు ఆడి గది, కోర్, హాట్‌స్పాట్, మెమరీ నాలుగు నెంబర్లు రాసుకో. తర్వాత అండర్‌వోల్ట్ చేసి మళ్ళీ ఇరవై నిమిషాలు, మళ్ళీ రాసుకో. వాట్లు తగ్గితే హాట్‌స్పాట్ తేడా కూడా 24 నుంచి 19, 20కి దిగాలి. దిగితే ఈ ఎండాకాలం అలాగే లాగించు. దిగకపోతే బిల్లు వెతుకు, వారంటీ ఉంటే వాళ్ళకి, లేకపోతే కార్డు ఒక్కటే దాని సొంత డబ్బాలో పెట్టుకుని, ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కి నా దగ్గరికి రా, షీట్ వేసి సాయంత్రానికి ఇచ్చేస్తా.